గంజి ఆరిన పడుగు

ప్రొద్దుటూరులో ఒక నేతగాణ్ణి నేను ఒకే ఒక్క మాటతో ప్రభువు దగ్గరికి నడిపించాను. రెండో మాట అవసరం పడలేదు. అతనూ నేనూ మగ్గం దగ్గర ఎదురెదురుగా కూర్చుని పోగులు అతుకుతున్నాం. అతని వేళ్ల మధ్య ఒక పోగు పుటుక్కున తెగింది. "తెగినదాన్ని అతికేవాడు ఒకడున్నాడప్పా" అన్నాను. అంతే. అతని కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. పోగు వదిలేసి, చేతులు జోడించి, "ఆయన ఎవురో నాకు చూపియ్యి మామా" అన్నాడు.

ఈ సాక్ష్యం మా ప్రొద్దుటూరు గుళ్లో చెప్పాను. జమ్మలమడుగు సువార్త కూటాల్లో పందిరి కింద చెప్పాను. పులివెందుల దాకా పోయి చెప్పాను. ప్రొద్దుటూరులో చెప్పినప్పుడు మారినవాడు ఒక్కడే. జమ్మలమడుగు చేరేసరికి భార్యాభర్తలిద్దరూ మారారు. పులివెందులలో మూడిళ్లు. ఇంకా ముందుకు పోయుంటే వీధి వీధంతా మారిపోయేదే గాని, నాకు బస్సు పడదు, వాంతులవుతాయి. ఆ విధంగా చాలామంది మారకుండా మిగిలిపోయారు.

ఇప్పుడు నాకు ముందరి పళ్లు లేవు. మగ్గం గుంటలోకి దిగితే ఎవరో చెయ్యందిస్తే గాని పైకి రాలేను. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి వయసు రాదు కాబట్టి చెబుతున్నాను. అతను ఏడవలేదు. చేతులు జోడించలేదు. తెగినదాన్ని అతికేవాడు అన్న మాట నేను అక్కడ అననే లేదు. ఇంటికి వచ్చి మూడు రోజులు ఆలోచిస్తే తట్టిన మాట అది. పోగు తెగడం మాత్రం నిజం. పోగులు రోజుకు వంద తెగుతాయి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ కొద్ది కాలంలో జరిగిన సంగతి ఇది. మాదీ నేత కుటుంబమే. మా తాత నాడే మావాళ్లు క్రైస్తవులయ్యారు. నేత ఒకటే అయినా నేతగాళ్లందరూ ఒకటి కాదు. వాళ్లు నేసేవి అంచు చీరలు, మేము నేసేవి ముతక దుప్పట్లు. వాళ్లది పెద్ద వీధి, మా ఇళ్లు వాళ్ల దొడ్ల వెనక. అతని దొడ్డికీ మా దొడ్డికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒక్కటే అడ్డం.

నన్ను ఆ వీధిలోకి రానిచ్చింది నా వేళ్లు. మగ్గం మీది పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తుంటే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పితే అతుకు ఎక్కడుందో కనబడకూడదు. వేల పోగులు. ఇద్దరు కూర్చుంటే రెండు రోజుల పని. ఆ పనిలో నన్ను మించినవాడు ప్రొద్దుటూరులో లేడు. ఇది సాగదీసింది కాదు, కావాలంటే ఎవరినైనా అడగండి. అడగడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు గాని.

అతను నాకంటే పదేళ్లు చిన్న. పిల్లలు లేరు, భార్యాభర్తలిద్దరే. నన్ను మామా అనేవాడు. మగ్గం ఉన్న ముందరి గది వరకే నాకు ప్రవేశం. నీళ్లు తాగడానికి అరుగు మీద నాకు విడిగా ఒక సత్తు చెంబు ఉండేది. ఆ చెంబును అతని భార్య మిగతా చెంబులతో సమానంగా తళతళా తోమేది. అది నేను గమనించాను.

రెండు రోజులు ఎదురెదురుగా కూర్చున్నాక మాటలు ఎక్కడికైనా పోతాయి.

"మామా, మీ స్వామికి వారానికి ఒగ దినమేనా పని? మా స్వాములకు దినామూ దీపం పెట్టాల. మీది శానా సుళువు మతమబ్బా."

"మా స్వామికి దినామూ పనే అప్పా. ఆదివారం సెలవ మాకు, ఆయనకు కాదు."

"అట్లయితే ఆయప్ప కూడా మగ్గమోడే!"

నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. ఆ ఏడాది అతని నవ్వులన్నీ దగ్గుతోనే ముగిసేవి. దగ్గినప్పుడు పోగులు ఊగకుండా మొహం పక్కకు తిప్పుకునేవాడు. భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, దాన్ని చూసుకుని, మడిచి, కిందికి పెట్టేవాడు. ఆ తువ్వాలులో ఏముందో నేను అడగలేదు.

రెండో రోజు ఎండ వాలేటప్పుడు, తల ఎత్తకుండా అన్నాడు.

"నువ్వు పొద్దన్నే దొడ్లో కూచోని గొణుగుతాంటావే, గోడ ఇవతలికి నాకు ఇనపడతాంటాది. మీ ఇంట్లో వాండ్ల పేర్లన్నీ చదువుతావు. మీ మేక పేరు కూడా."

"మేకకు పేరెక్కడిదప్పా. మేక అనే అంటా."

"అదేలే. ఆ మేక పక్కన నా పేరు ఒగసారి ఏస్తావా?"

ఎగతాళిగానే అడిగాడు. కాని వేళ్లు ఆగిపోయాయి. ఆ రెండు రోజుల్లో దగ్గినప్పుడు తప్ప అతని వేళ్లు ఆగడం నేను చూడలేదు.

అప్పుడు నేను చేయాల్సింది రెండు నిమిషాల పని. ఆ బూడిద చేతులతోనే కళ్లు మూసుకుని, స్వామీ, ఈ మనిషి దగ్గు చూడు అని అడిగి, మళ్లీ పోగు అందుకుంటే సరిపోయేది. అతను అడిగింది అంతే. నేనేమన్నానంటే:

"అట్ల కాదప్పా. ఆదివారం గుళ్లో అందరి ముందర చెప్పిస్తా. వంద గొంతులు కలిస్తే ఆ బలమే వేరు."

"వద్దు మామా. నువ్వు గొణిగితే సాలు."

ఆ మాట నాకు వినబడలేదని చాలాకాలం చెప్పుకున్నాను. వినబడింది.

ఆదివారం గుళ్లో లేచి నిలబడ్డాను. "మా వెనక వీధిలో ఒక ఆత్మ వాకిట్లో నిలబడి తలుపు తడుతోంది" అన్నాను. ఎవరని పాస్టరుగారు అడిగారు. పేరు చెప్పాను. ఇల్లు చెప్పాను. ఆయన అడగకుండానే, భార్య కూడా సిద్ధంగా ఉన్నట్టే అన్నాను. వంద గొంతులు కలిపి అడగాలన్నాను. గుడంతా స్తోత్రం చెప్పింది. నా జన్మలో నా మాటకు అంతమంది ఒక్కసారి తలలు తిప్పి చూసింది లేదు. ఆడవాళ్ల చాప మీద నుంచి నా భార్య కూడా చూసింది, కాని ఆమె చూపు వేరుగా ఉంది.

నా భార్య గుళ్లో ఎప్పుడూ సాక్ష్యం చెప్పి ఎరగదు. పిలిస్తే లేచేది, రెండు క్షణాలు నిలబడేది, మళ్లీ కూర్చునేది. నాకు నామోషీగా ఉండేది. ఇంత నోరున్నవాడికి ఇట్లాంటి పెళ్లామా అని లోకం అనుకుంటుందేమోనని. ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ ఒక్క మాటే అంది.

"ఆయప్ప మేక పక్కన గదా అడిగింది."

మా గుడికి వచ్చేవాళ్లలో సగం మంది ఆ వీధికి నూలు కండెలు చుట్టేవాళ్లే. నా మాట నాకంటే ముందే వీధికి చేరి ఉంటుంది. కాని నెల రోజులు ఎవరూ ఏమీ అనలేదు. అతికిన పడుగు నేసి దించేదాకా వీధి నిమ్మళంగా ఉంది. నేను దాన్ని వాళ్ల మంచితనం అనుకున్నాను.

కొత్త పడుగుకు గంజి పెట్టిన పొద్దున తెలిసింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. పడుగును వీధి పొడవునా చాపి, రెండు కొసలా గుంజలకు బిగించి, గంజి పట్టించి, రెండు పక్కలా మనుషులు నడుస్తూ కుంచెలతో దువ్వాలి. గంజి ఆరేలోపు, ఎండ ఎక్కేలోపు, ప్రతి పోగూ విడివిడిగా నిలవాలి. కనీసం ఎనిమిది మంది కావాలి. దానికి కూలి లేదు. పిలుపు కూడా ఉండదు, పిలిస్తేనే తప్పు. గుంజలు పాతిన చప్పుడు వినబడగానే ఇంటికొకరు కుంచె పట్టుకుని వస్తారు. రేపు వాళ్ల గుంజల చప్పుడుకు మనం పోతాం.

అతను గుంజలు పాతాడు, పడుగు చాపాడు. ఎవరూ రాకముందే గంజి పట్టించడం మొదలుపెట్టాడు. తప్పంటే అదే తప్పు. కాని పుట్టినప్పటి నుంచీ ఆ వీధిలో గుంజల చప్పుడుకు మనిషి రాకపోవడం అతను చూడలేదు. పడుగంతా తడిసింది. వీధిలో తలుపులన్నీ ఓరగా వేసి ఉన్నాయి. ఏ తలుపు వెనక నుంచీ కుంచె బయటికి రాలేదు.

అతని భార్య గంజికుండ పట్టుకుని ఇంటింటి ముందూ ఆగి చూసి వెనక్కి వచ్చింది. సందు మొగలో నుంచి అది చూసి నేనూ నా భార్యా కుంచెలతో పరుగున వచ్చాం. వీధి పెద్ద తన అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు.

"ఏంది పెద్దప్పా, గంజి ఆరిపోతాంది. ఎవురూ రాల్యా?"

"మేం యాల రావాల? మీ గుళ్లో వంద గొంతులున్నాయంట గదా. ఆ వంద మందినీ రమ్మను. కుంచెలు కావాలంటే మేమిస్తాం."

నేను పడుగు వైపు అడుగు వేశాను.

"నువ్వు ఆడ్నే నిలబడు," అన్నాడు పెద్దాయన, గొంతు పెంచకుండా. "ఈ వీధి నీ వేళ్లను రానిచ్చింది. నీ నోటిని రానీల్య. ఇంగ రెండూ వద్దు."

నేను ఆగిపోయాను. కుంచె చేతిలోనే ఉంది. నా భార్య ఆగలేదు. పెద్దాయన వైపు చూడకుండానే పోయి, అతనికి ఎదుటి పక్కన నిలబడి దువ్వడం మొదలుపెట్టింది. ముగ్గురు మనుషులు, వీధి పొడవు పడుగు. అతను దువ్వుతూ దగ్గుతూ, దగ్గుతూ దువ్వుతూ పరుగెత్తుతున్నాడు. ఈ కొస దువ్వేలోపు ఆ కొస ఆరిపోయింది. ఎండ మిద్దెల మీదికి వచ్చేసరికి పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని అట్ట కట్టాయి. చేత్తో విడదీయబోతే తెగాయి. ఒక్కసారి అట్లా అట్ట కట్టిన పడుగు మగ్గానికి పనికిరాదు.

అతను గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. పోయాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నా పేరు మేక పక్కన ఏయమంటి మామా," అన్నాడు. "నువ్వు దండోరా ఏయిస్తివి."

దగ్గాడు. ఈసారి తువ్వాలు మడవడానికి శక్తి లేక అట్లాగే ఒళ్లో వదిలేశాడు. అందులో ఏముందో అప్పుడు చూశాను.

ఆ తరువాత అతను మళ్లీ మగ్గం గుంటలోకి దిగలేదు. వెనక వసారాలో మంచం వేశారు. అతని భార్యే మగ్గం ఎక్కింది. నేను ఆ ఇంటి గడప తొక్కకుండా ఉంటే గంజికి వస్తామని పెద్దాయన ఆమెకు చెప్పి పంపాడట. వచ్చారు కూడా. అందుకని నేను పోవడం మానేశాను. వాళ్ల మేలు కోసమే మానేశానని చెప్పుకున్నాను. ఇట్లా రాస్తుంటే ఇప్పటికీ త్యాగంలా వినబడుతోంది. అందులో సగం సిగ్గు. మిగతా సగం, దగ్గంటే భయం.

ఇంకొకటి కూడా చెప్పాలి. పొద్దున్నే దొడ్లో కూర్చుని పేర్లు చదవడం మానలేదు. అతని పేరు కలిపాను. కాని అతని పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాణ్ణి. గోడ అవతల వసారాలో పడుకున్న మనిషికి మేక దాకా వినబడేది. ఆ తరువాత ఏమీ వినబడేది కాదు.

ఆ ఎండాకాలం జబ్బు ముదిరి అతన్ని జమ్మలమడుగు ఆస్పత్రిలో చేర్పించారు. అదే సమయంలో అక్కడ కూటాలు జరిగాయి. సాక్ష్యం చెప్పడానికి నన్ను పిలిచారు. నేనూ నా భార్యా పోయాం. బస్సులో నా వాంతుల కోసమని ఆమె సంచి నిండా నిమ్మకాయలు తెచ్చింది. పందిరిలో నిలబడితే ఆస్పత్రి గేటు కనబడుతుంది. ఆ గేటు వైపు వీపు పెట్టి నిలబడి, ఆ గేటు లోపల పడుకున్న మనిషి ఎట్లా మారాడో చెప్పాను. తెగిన పోగు చెప్పాను. ధారగా కారిన కన్నీళ్లు చెప్పాను. చెబుతుంటే నాకే కన్నీళ్లు వచ్చాయి. జనం కూడా ఏడ్చారు. పందిరి నుంచి గేటు దాకా నడిచిపోవడానికి బీడీ కాల్చేంత సేపు పట్టదు. నేను నడవలేదు.

చెప్పి దిగాక చూస్తే ఆడవాళ్ల వైపు నా భార్య లేదు. చాలాసేపటికి వచ్చింది. ఎండకు తల నొస్తే నీడన కూర్చున్నానంది. నా సాక్ష్యం వినలేదని నాకు కోపం వచ్చింది. తిరుగు బస్సులో కడుపు తిప్పితే నిమ్మకాయ అడిగాను. అయిపోయాయంది. సంచెడు నిమ్మకాయలు ఎట్లా అయిపోయాయని పోట్లాడాను కూడా.

వానలు మొదలు కాకముందే అతన్ని ఇంటికి తెచ్చారు. వారం రోజులకు పోయాడు. గోడ అవతల ఏడుపు మొదలైనప్పుడు నేను దొడ్లో మేకకు ఆకు వేస్తున్నాను. గోడ దాకా నడిచాను. గోడ నడుమెత్తే. దాటలేదు. వీధి అంతా కలిసి అతన్ని మోసింది. ఎనిమిది మంది కాదు, ఎనభై మంది వచ్చారు.

అతని భార్య తన అన్న ఊరైన పులివెందులకు వెళ్లిపోయింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అప్పటికి పులివెందులలో మూడిళ్ల సాక్ష్యం చెప్పేసి వచ్చాను. రాష్ట్రం పెద్దదై రాజధాని హైదరాబాదు పోయింది. మరి కొన్నేళ్లకు నా భార్య కూడా పోయింది, పోయేటప్పుడు కూడా పెద్దగా ఏమీ మాట్లాడకుండా. ఆమె పోయాక ఇల్లు నిశ్శబ్దమైంది అంటే అబద్ధం. ఆమె ఉన్నప్పుడూ ఇంట్లో వినబడింది నా గొంతే. తేడా ఏమిటంటే, ఇప్పుడు వినేవాళ్లు లేరు. వినేవాళ్లు లేనప్పుడు నా మాట నాకే వినబడడం మొదలైంది.

అందుకే మొన్నటి ఎండాకాలం, నిమ్మకాయలు నేనే కొనుక్కుని, పులివెందుల బస్సెక్కాను. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. ఆమె వాకిట్లో కూర్చుని చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. ఒక కంట్లో పువ్వు వేసింది. రెండో కంటితో చాలాసేపు చూసింది.

"అతికే అన్నవా నువ్వు? ఇంగా ఉండావా?"

"ఉండానమ్మా."

"కూచో. నోట్లో పండ్లు యాడ పాయె?"

కూర్చున్నాను. దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. నా నోటి వల్లే నీ మొగుడు చచ్చిపోయాడమ్మా అన్నాను. ఒక్క చిన్న ప్రార్థన అడిగితే చేయలేకపోయాను, ఆ దిగులుతోనే పోయి ఉంటాడు, చివరి దాకా గోడ వైపు నాకోసం చూస్తూ చూస్తూ పోయి ఉంటాడు అన్నాను. నా గొంతు వణికింది. బాగానే వణికింది.

ఆమె శనక్కాయ ఒలవడం ఆపలేదు.

"ఎవురు చూసిండేది? నీకోసరమా?" అంది. "నువ్వు ఆడ యాడుండావన్నా? నువ్వు లేనే లేవు. మీ ఇంటి ఆయమ్మ దినామూ గోడ దాటి వస్తాండె. నువ్వు మగ్గం ఎక్కినాంక వస్తాండె. మంచం పక్కన కూచోని నాకు కండెలు చుట్టిస్తా, ఆయప్ప పేరు పెట్టి రెండు మాటలు అడిగి పోతాండె. జమ్మలమడుక్కు కూడా వచ్చె. నిమ్మకాయ నీళ్లు కలిపి పోసె. ఆడ పందిట్లో నువ్వు అరస్తాండావు, ఈడ ఆయప్ప నవ్వుతాండాడు. ఏడ్చినానంట నేను, ఇను, అని."

"మారినాడా అమ్మా?" అని అడిగాను. ఆ వయసులో, ఆ వాకిట్లో, అదే అడిగాను.

"ఏమో, నాకేం తెలుసు. మా స్వామి పటం గోడకు అట్లే ఉండె. ఆయమ్మ తియ్యమనల్య. పోయే పొద్దన మాత్రం, ఆయమ్మ ఇంగా రాల్యా, రాల్యా అని అడిగినాడు. వచ్చినాంకనే పోయినాడు."

"నాకు ఒక్క మాట చెప్పలేదే తల్లీ. ఇన్నేండ్లు కాపురం చేసి ఒక్క మాట చెప్పలేదే."

ఆమె చేట పక్కన పెట్టి, ఒళ్లోని పొట్టు దులిపి, ఆ ఒక్క కంటితో నన్ను సూటిగా చూసింది.

"ఎట్ల చెప్తాదన్నా? మా ఆయనకు తెలీనీయొద్దక్కా, తెలిస్తే పోయి గుళ్లో చెప్తాడు అంటాండె."